సిరిసిల్లలో తొలి గుటక

వాన మొదలైతే కరీంనగర్‌లో ఎవరికైనా మక్క గారెలు గుర్తొస్తాయి. భానుప్రసాద్ మాత్రం తడుచుకుంటూ హోటల్ వంటగదిలోకి పరుగెత్తుకొచ్చి ముందు ఫ్రిజ్ తలుపు తీశాడు. లోపల పెరుగు గిన్నెలు, మసాలా పట్టించిన కోడి ముక్కలు, కొత్తిమీర కట్టలు ఉన్నాయి. పొద్దున తన చేత్తో పడుకోబెట్టిన వైన్ సీసాల్లో ఒక్కటీ లేదు. వెతగ్గా వెతగ్గా తందూరు పొయ్యి పక్కన, వెచ్చగా, వరసగా నిలబడి కనిపించాయి.

“ఎవలు తీసిండ్రు వీటిని?”

“నేనే తీసిన,” అంది ఉల్లిగడ్డలు కోస్తున్న అమ్మాయి, తలెత్తకుండానే. “రెడ్ వైన్ ఫ్రిజ్‌ల పెట్టద్దు. గంత గూడ తెల్వదా సార్?”

భాను ఒక సీసా చేతిలోకి తీసుకున్నాడు. ఆ మాటలో తప్పు లేదు మరి. ఎర్ర వైన్లు చాలావరకు చల్లగా తాగరు. ఎక్కడో వీడియోలో చూసి నేర్చుకున్నదే అయినా సరిగ్గానే నేర్చుకుంది. కాకపోతే ఈ ఒక్క వైను ఆ లెక్కలోకి రాదు. ఇది లేత వైను. ఏళ్ల తరబడి దాచేది కాదు, తాగేముందు ఓ అరగంట చల్లబడితేనే దీనికి ప్రాణం వస్తుంది. వేడెక్కిందంటే కషాయమే. ఇదంతా విడమరిచి చెప్పబోతే ఆ అమ్మాయి కత్తి పక్కన పెట్టి, నా కోడి పాడైతే మీ వైను వచ్చి జవాబు చెబుతుందా అని అడిగింది. చివరికి ఫ్రిజ్‌లో కింది అర వైనుకి, మిగిలినవన్నీ వంటకి అని ఒడంబడిక కుదిరింది. ఆమె పేరు నవీన అనీ, ఊరు సిరిసిల్ల అనీ, తెలంగాణ వంటల కోసం కొత్తగా పనిలో చేరిందనీ భానుకు అప్పటికిగాని తెలియలేదు.

ఇంతకీ ఆ వైను కరీంనగర్‌కి ఎలా వచ్చిందో చెప్పాలి కదా. హోటల్ యజమాని కైలాసం గ్రానైటు వ్యాపారి. రాళ్లు అమ్ముదామని ఫ్రాన్స్ వెళ్లి, రాళ్ల సంగతి సగం మరిచిపోయి, అక్కడ తాగిన ఒక వైను సంగతి మాత్రం భద్రంగా మోసుకొచ్చాడు. దాని పేరు బోజోలే. అదే పేరున్న ప్రాంతంలో గామే అనే ద్రాక్షతో చేస్తారు. మన ఊళ్లలో వైన్స్ అని బోర్డు పెట్టిన షాపులో వైను తప్ప అన్నీ దొరుకుతాయి కాబట్టి, కైలాసం హైదరాబాదులో ఎవరెవరినో పట్టుకుని పెట్టె తెప్పించాడు. దాన్ని చూసుకోవడానికి భానుప్రసాద్‌ను కూడా అక్కణ్నుంచే తెప్పించాడు.

భానుది కాగజ్‌నగర్. వాళ్ల బాపు కాగితం మిల్లులో పని చేసేవాడు. మిల్లు మూతపడిన ఏడాది ఇంట్లో అందరూ దిగాలుగా కూర్చుంటే, భాను హోటల్ కోర్సులో చేరి, ఆ తర్వాత హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో వైన్ల పని నేర్చుకున్నాడు. రుచి చూడటం, ఏ వైను ఏ తిండితో పడుతుందో చెప్పడం అతని ఉద్యోగం. ఆ మాట చెబితే కాగజ్‌నగర్ బస్టాండులో జనం, గదేం నౌకరీరా, మాక్కూడ ఇప్పియ్యి అని వెంటపడేవారు.

దసరాకు ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం తన స్నేహితులకు విందు ఇవ్వాలని కైలాసం సంకల్పం. వైను ఫ్రాన్సుది, తిండి మాత్రం మొత్తం మనది. ఏ వంట పెట్టాలో మీరిద్దరే తేల్చండని భానునూ నవీననూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి తన దారిన తను పోయాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం జనం మొదలయ్యేలోపు వాళ్ల పని నడిచేది. బయట వాన. సర్వర్లు కుర్చీల్లోనే కునుకు తీసేవారు. నవీన ఒక్కో గిన్నె తెచ్చి పెట్టేది. భాను గ్లాసులో నాలుగు చుక్కలు పోసేవాడు.

మొదటి రోజు నాటుకోడి పులుసు. ఆ కారానికి వైను పత్తా లేకుండా పోయింది. మీ వైను భయపడ్డది సార్ అని నవీన ముసిముసిగా నవ్వింది. రెండో రోజు వేపుడు మాంసం తెచ్చింది, మసాలా ఎక్కువై అదీ కుదరలేదు. కారం తగ్గించమంటాడు భాను. తగ్గిస్తే అది మా కూర కాదంటుంది నవీన. అలా కాసేపు మాటా మాటా అనుకున్నాక, ఆమె రుసరుసలాడుతూ లోపలికి పోయి, నాటుకోడికి ఉప్పు, పసుపు, మిరియాల పొడి రాసి బొగ్గుల మీద కాల్చి తెచ్చింది. ఒక ముక్క, ఒక గుక్క. భాను కళ్లు పెద్దవయ్యాయి. ఇంతసేపూ బెదిరిపోయిన వైను ఇప్పుడు ఆ పొగ వాసన పక్కన దర్జాగా కూర్చుంది.

ఆ తర్వాత దారి తెలిసిపోయింది. ఉప్పు, పొగ, నువ్వులు, పల్లీలు ఉన్నవన్నీ ఈ వైనుకి చుట్టాలే. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి కాల్చే సర్వప్పతో బ్రహ్మాండంగా పడింది. ఆదిలాబాద్ అడవి నుంచి వానాకాలం వచ్చే పుట్టగొడుగుల్ని మా అవ్వ ఉల్లిగడ్డతో ఉత్తగా వేయిస్తుందని భాను చెబితే, నవీన అదీ చేసింది. ఇద్దరూ గిన్నె ఖాళీ చేసి, సగం తిన్నాక గ్లాసు సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నారు.

ఒక్క విషయంలో మాత్రం నవీన రాజీ పడలేదు. భాను వైను నోట్లో పోసుకుని, బుగ్గల మధ్య అటూ ఇటూ తిప్పి, పక్కనున్న స్టీలు మగ్గులో ఉమ్మేసేవాడు. మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. రోజుకు ఎన్నో రకాలు రుచి చూస్తామనీ, అన్నీ మింగితే సాయంత్రానికి తనను మంచం మీద మోసుకుపోవాల్సి వస్తుందనీ, ప్రపంచమంతా ఇలాగే చేస్తారనీ అతను ఎంత చెప్పినా ఆమె మొహం విప్పారలేదు.

“నోట్లెకొచ్చినదాన్ని ఉమ్ముడేంది?” అంది. “మా ఇంట్ల గిట్ల జేస్తే మా అవ్వ వీపు పగులగొడ్తది. పని ఏదన్న నేర్పుండ్రి సార్, గని గిది మాత్రం నాకు నేర్పకుండ్రి.”

ఆమె నాలుగు చుక్కలే తాగేది కానీ, మింగేది. మింగి, కాసేపు కిటికీలోంచి వాన చూసి, అప్పుడు చెప్పేది.

“అల్లనేరేడు పండు తిన్నట్టున్నది. చల్లగ, జర పుల్లగ. పొద్దుగాల దించిన కల్లు లెక్క తేలికగున్నది. తాగినంక మల్ల తినబుద్ధైతున్నది.”

ఆ వైను గురించి భాను చదివిన పుస్తకాలన్నీ పేజీలకు పేజీలు చెప్పింది ఇదే. ఆ మాటకే పడిపోయాడు పిల్లవాడు. దాచడం దేనికి, సాఫీగా చెప్పేస్తే సరిపోతుంది, ఆ రోజు నుంచి అతనికి నవీన అంటే ప్రాణం. ఆమె వంటగదిలోకి రావడం ఆలస్యమైతే ఊరికే ఫ్రిజ్ తలుపు తీసి మూసేవాడు. ఆమె కూడా గిన్నెలు తెచ్చేటప్పుడు జడ సర్దుకుని వస్తోందని, అందరికన్నా ముందు కునుకు తీసే సర్వర్లే కనిపెట్టారు.

విందు బాగా జరిగింది. కైలాసం స్నేహితులు మొదట్లో ఇది షర్బత్ లెక్క ఉంది, దీనికంటే విస్కీ నయం కదా అని గొణిగారు. కాల్చిన కోడి, సర్వప్ప వచ్చాక గొణుగుడు ఆగింది, సీసాలు అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. సాయంత్రం నవీన సిరిసిల్ల బస్సు కోసం బయల్దేరితే భాను గొడుగు పట్టుకుని వెంట వెళ్లాడు. బస్టాండులో ఆమె గొడుగు కిందే నిలబడి, అతని వైపు చూడకుండా అంది.

“మా ఇంట్ల నాకు సంబంధాలు చూస్తున్రు. నువ్వు అడుగుతవా, నన్ను ఊకుండమంటవా?”

ఇన్నాళ్లూ సార్ అన్న పిల్ల నువ్వు అన్నది, ముందు దానికే భానుకు తల తిరిగింది.

“అడుగుత,” అన్నాడు. “నువ్వంటే నాకు ఇష్టం నవీనా. ఎట్ల అడగాల్నో తెల్వక ఇన్ని దినాలు పరేషాన్ అయిన.”

అప్పుడామె వాళ్లింటి పద్ధతి చెప్పింది. వాళ్ల బాపు పర్శరాములు సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు, మాట తక్కువ మనిషి. సంబంధం అడగడానికి ఎవరు వచ్చినా ప్రశ్నలు వేసి సతాయించడు. మనసు కుదిరితే పెరట్లో కూర్చోబెట్టి, దొన్నెలా మడిచిన తాటాకు రేక చేతికిచ్చి, తన చేత్తో కల్లు పోస్తాడు. పోశాడంటే మనిషి నచ్చినట్టు. ఆ తొలి గుటక మింగితే ఈ ఇంటితో చుట్టరికం ఒప్పుకున్నట్టు. తాతల నాటి నుంచీ వాళ్లింట్లో అదే మాట, అదే లగ్నపత్రిక. వాళ్ల అక్క పెళ్లీ అలాగే కుదిరింది.

గంతేనా అన్నాడు భాను. తాగడానికి జీతం తీసుకునేవాడికి ఒక గుటక కల్లు ఒక లెక్కా!

దసరా అయిన వారం వెళ్లాడు. కాగజ్‌నగర్‌లో అవ్వాబాపూ ఫోన్లోనే సరేనన్నారు, ముందు నువ్వు పోయి వాళ్ల మనసు తెలుసుకొని రా అన్నారు. సిరిసిల్ల గల్లీలో అడుగు పెట్టగానే సాంచల చప్పుడు. పర్శరాములు తన సాంచ ఆపి, చేతులు తుడుచుకుని వచ్చాడు. నవీన తల్లి లస్మవ్వ ఉడికించిన బబ్బెర గుడాలు, మాంసం కూర పెట్టింది. కాగజ్‌నగర్ మిల్లు మూతపడ్డప్పుడు మీ ఇల్లెట్ల గడిచింది అని పర్శరాములు అడిగాడు. అవ్వ కుట్టు మిషను పెట్టుకున్న సంగతీ, బాపు పొద్దంతా మిల్లు గేటు దగ్గరికి పోయి నిలబడి వచ్చిన సంగతీ భాను దాచకుండా చెప్పాడు. పర్శరాములు తలూపాడు. బట్ట కొనేవాళ్లు లేక సాంచలు ఆగిన రోజులు అతనికీ తెలుసు. నవీన తలుపు చాటు నుంచి చూస్తోంది, మొహంలో వెలుగు దాచుకోలేకుండా ఉంది.

పెరట్లో జామచెట్టు కింద గోనెపట్టా పరిచారు. భాను రెండు చేతులతో రేక పట్టుకున్నాడు. పర్శరాములు లొట్టి వంచి సన్నటి ధారగా పోశాడు. పొద్దున్నే దించిన ఈతకల్లు. భాను నోటి నిండా తీసుకున్నాడు.

అంత మంచి కల్లు అతను జన్మలో తాగలేదు. తీపి, దాని వెనకే చిన్న పులుపు, చివర్లో నాలుక మీద చిటపట. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. బుగ్గల మధ్య అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఏ తిండితో పడుతుందా అని ఆలోచన కూడా మొదలైంది. ఆ ఆలోచనలోనే ఎడమ పక్కకు ఒరిగి, హోటల్లో మగ్గు ఉండే చోటు అంచనా వేసుకుని, జామచెట్టు మొదట్లో శుభ్రంగా ఉమ్మేశాడు.

కళ్లు తెరిచేసరికి అందరి చూపూ ఆ తడిసిన మట్టి మీదే ఉంది.

పర్శరాములు లొట్టి కింద పెట్టాడు. భాను చేతుల్లోంచి రేక తీసుకున్నాడు. లోపలికి వెళ్లాడు. కాసేపటికి సాంచ చప్పుడు మొదలైంది. భాను ఏదో చెప్పబోతే లస్మవ్వ చెంగుతో మొహం తుడుచుకుంటూ, పొద్దుపోతది బిడ్డా, ఇగ పోయిరా అంది. నవీన తలుపు దగ్గర లేదు.

ఆ తర్వాత వారం హోటల్ వంటగదిలో భానుకి నరకమే. నవీన పనిలోకి వచ్చేది, ఆర్డర్లకు సంబంధించి తప్ప ఒక్క మాట మాట్లాడేది కాదు. కోపం ఉంటే తిట్టొచ్చు కదా, తిట్టదు. చివరికి అతనే దారికడ్డంగా నిలబడ్డాడు. ఉమ్మడం తన పనిలో అలవాటని బాపుకు చెప్పావా అని అడిగాడు.

“చెప్పిన. అన్ని చెప్పిన,” అంది నవీన. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. “బాపు ఏమన్నడో ఎర్కేనా? పని ఏదైతేంది, నేను పోసింది పని కోసం గాదు గదా అన్నడు. జగిత్యాల సంబంధపోల్లకు కబురు పెట్టిండు. ఇగ నాతోని ఏం గాదు. నీ నోటితోని జేసినవు, నువ్వే సక్కబెట్టు.”

భాను ఆ మాట మనసులో తిప్పుకుంటూ రెండు రోజులు తిరిగాడు. పర్శరాములు అన్నదాంట్లో తప్పేం లేదనిపించింది. క్షమించమంటే ఆయన సరేననొచ్చు. సరేనంటే మాత్రం ఆ మనిషి మనసులో పడ్డ దెబ్బ పోతుందా? ఆలోచించి ఆలోచించి కైలాసం దగ్గరికి వెళ్లి, మిగిలిన ఒక్క సీసా అడిగాడు. ఎందుకని కైలాసం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. కైలాసం నవ్వాపుకోలేక కాసేపు బల్ల పట్టుకుని నిలబడి, ఆ తర్వాత సీసా తెచ్చిచ్చాడు.

నవీనకు సెలవు రోజు. సన్నగా తుంపర పడుతోంది. సీసాకి తడిగుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో కిటికీ పక్కన గాలి తగిలేలా కూర్చుని సిరిసిల్ల చేరాడు. లస్మవ్వ తలుపు తీసి, రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపల సాంచ నడుస్తోంది. భాను గడప పక్కన కూర్చున్నాడు. ఎక్కడో పోగు తెగి సాంచ ఆగింది. పర్శరాములు తెగిన పోగు ముడేసి, తలెత్తి, అతన్ని చూశాడు.

“మల్లెందుకొచ్చినవ్ పిలగా?”

భాను లేచి నిలబడ్డాడు.

“కాకా, నేను జేసింది తప్పు. అలవాటు అని మీకు చెప్పుకోను. మీరు నన్ను ఇంటి మనిషి అనుకొని పోసిండ్రు. నేను ఇంటికొచ్చి గూడ నౌకరీ జేసిన. గీ వైను నా పని. నాకు అన్నం పెట్టింది గిదే. నా చేతితోని మీకు పోస్త. నోట్లె పోస్కొని, నా ముంగట ఉమ్మేయండ్రి. గప్పుడన్న మీ మనసు జర చల్లబడ్తది.”

పర్శరాములు లేచి పెరట్లోకి నడిచాడు. రమ్మన్నట్టా, పొమ్మన్నట్టా తెలియక భాను సీసా పట్టుకుని వెనకే వెళ్లాడు. నవీన రోట్లో ఏదో దంచుతున్నదల్లా అలాగే ఆగిపోయింది. లస్మవ్వ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

భాను సీసా వంచితే స్టీలు గ్లాసులో ఎర్రగా, చల్లగా వైను పడింది. పర్శరాములు గ్లాసు అందుకుని వాసన చూసి, నోటి నిండా పోసుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి. జామచెట్టు వైపు తిరిగాడు. భాను తల దించుకున్నాడు. ఉమ్మితే తన పని మీద ఉమ్మినట్టే, ఉమ్మకపోతే నవీన దక్కే దారి ఇంకేదో అతనికి తెలియదు.

పర్శరాములు చెట్టు మొదట్లోకి ఒంగాడు. ఒంగి, అలాగే ఉన్నాడు. తర్వాత నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. వైను గుటుక్కున గొంతు దిగింది.

“నాతోని గాదు బిడ్డా,” అన్నాడు. “ఎవలో కష్టపడి చేసింది. నోట్లెకొచ్చినంక ఉమ్మబుద్ధి గాదు.”

నవీన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియాలి.

పర్శరాములు ఇంకో గుక్క తాగి, నాలుకతో పెదవులు తడుపుకుని, ఇది ఉత్తగా తాగేది కాదే, పొయ్యి మీద ఏముందో తెమ్మని భార్యతో అన్నాడు. లస్మవ్వ కాల్చిన ఎండుచేపలు తెచ్చింది. ఒక చేప కొరికి, ఒక గుక్క తాగి, అతను తలూపాడు. ఎండుచేపలతో బోజోలే పడుతుందని భాను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు, కానీ అక్కడ వాదించే ధైర్యం ఎవరికుంది? తర్వాత తిని చూస్తే నిజంగానే పడింది.

నవీన రెండో గ్లాసు తెచ్చి బాపు చేతికిచ్చింది. పర్శరాములు సీసా అందుకుని, తనే వైను పోసి భానుకిచ్చాడు. భాను నోటి నిండా తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే అడిగాడాయన.

“జగిత్యాలోల్లను రావద్దని చెప్త. మరి మీ అవ్వను, బాపును ఎన్నడు తోల్కొస్తవ్?”

నోటి నిండా వైను. పక్కన జామచెట్టు. ముగ్గురూ అతన్నే చూస్తున్నారు, నవీన అయితే రెప్ప కూడా వేయడం లేదు.

భానుప్రసాద్ ముందు మింగాడు. చివరి చుక్క దాకా మింగాడు. ఆ తర్వాతే జవాబు చెప్పాడు.

“వచ్చే ఆదివారం, మామా.”